మూడు గీతల రాయి

ఆ ఏడు చిట్యాలలో నా దుకాణం తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. పొద్దున ఒక తలుపు తీసి నలుగురికి ఉప్పూ పప్పూ తూచేసరికి రోడ్డు మీద జై తెలంగాణ వినబడేది. మళ్ళీ తలుపు వేసేవాణ్ని. మొదట్లో మూసేటప్పుడు పౌరుషం ఉండేది, తెరిచేటప్పుడు ఆశ ఉండేది. అరవై తొమ్మిది జ్యేష్ఠమాసం వచ్చేసరికి రెండూ అరిగిపోయాయి. మూయడం, తెరవడం మాత్రం మిగిలాయి.

మా తమ్ముడు సోమనర్సయ్య హనుమకొండలో డిగ్రీ చదువుతూ సత్యాగ్రహంలో కూర్చొని అరెస్టయ్యాడు. వరంగల్ జైలు నిండిపోయిందని కొందరిని మహబూబాబాదు సబ్‌జైలుకు పంపారు. వాళ్ళలో వాడూ ఉన్నాడు. మేము ఆ ఊరిని మానుకోట అంటాం. రైలు నడిచిన ఒక రోజు చూసుకుని నేను పోయి వాణ్ని కలిశాను. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది.

"ఏం అడుగుతున్నర్రా నిన్ను?" అన్నాను.

"ఒక్కటే అడుగుతున్నరన్నా. మీ ఎనకాల ఎవలున్నరు, ఎవలు నడిపిస్తున్నరు అని. ఎవలు లేరంటే నమ్మరు. ఎవలదో ఒకలది పేరు చెప్తె ఇంటికి పంపుతరేమో" అని నవ్వాడు.

నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాలోనూ ఉండేది. ఇంతమందిని ఇన్ని నెలలు ఎవరు నడిపిస్తున్నారు? నడిపించేవాడు లేకుండా ఏదైనా నడుస్తుందా? దీపం పెట్టేటప్పుడు స్వామిని అడుగుదామనుకునేవాణ్ని. అడిగేలోపు ఏదో ఒక పని గుర్తొచ్చేది.

మా అమ్మ భూలక్ష్మి అడగడం మానేసి మొక్కుకుంది. కాళేశ్వరం పోయి స్వామికి నీళ్ళు పోస్తే కొడుకు ఇల్లు చేరతాడని ఆమె నమ్మకం. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఉంటాయి. ఒకరు కాళేశ్వరుడు, అంటే యముడు. రెండోవారు ముక్తేశ్వరుడు, శివుడు. వచ్చినవాళ్ళందరికీ శివుడు ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన మొరపెట్టుకుంటే శివుడు జరిగి పక్కన చోటిచ్చి, ముందు నీకు మొక్కాకే నాకు మొక్కాలి అన్నాడట. మా అమ్మకు భయమంతా కాళేశ్వరుడి దగ్గర, ఆశంతా ముక్తేశ్వరుడి దగ్గర. కాని పోయేదెట్లా? రోజూ పొద్దున "బస్సున్నదా?" అని అడిగేది. లేదనేవాణ్ని. కొన్నాళ్ళకు అడగడం కూడా మానేసి నా ముఖం చూసి లోపలికి పోయేది.

మాజిద్ ఆ రోజుల్లోనే మాకు దగ్గరయ్యాడు. భూపాలపల్లి అడవి అంచున బొగ్గు కోసం బోర్లు వేసే సర్వే క్యాంపు ఒకటి ఉండేది. వాళ్ళ బియ్యం, నూనె మా దుకాణం నుంచే పోయేవి. మాజిద్ ఆ క్యాంపులో చిన్న ఆఫీసరు. ఉద్యోగం టెంపరరీ. ఊరు జనగామ, వాళ్ళ నాయిన అక్కడ స్టేషను దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. మాజిద్‌కు పాతికేళ్ళు నిండి ఉంటాయి. మనిషి ఎప్పుడు చూసినా నిద్ర చాలనట్టుండేవాడు.

బోరు గొట్టంలోంచి రాతి కడ్డీలు పైకి వస్తాయి. గుండ్రంగా, చేతిమందంలో, చిత్రిక పట్టినట్టు నున్నగా ఉంటాయి. వాటిని లోతు వరుసన పొడుగాటి చెక్కపెట్టెల్లో పేరుస్తారు. పై రాయి మొదటి పెట్టెలో, అడుగు రాయి చివరి పెట్టెలో. డీజిలు రాక, కూలీలు రాక ఆ వేసవిలో బోరు ఆగిపోయింది. ఒకరోజు గాలిదుమారానికి డేరా కూడా లేచిపోయింది. మాజిద్ పెట్టెలను ఎడ్లబండ్ల మీద వేసుకొని వచ్చి మా గోదాములో పెట్టించాడు.

"గింత బద్రంగ తెచ్చినవు, బంగారమున్నదా బిడ్డా దీంట్ల?" అని మా అమ్మ అడిగింది.

"బంగారం లేదవ్వా. నడుమ బొగ్గున్నది. అడుగున మంచున్నది."

"మంచా? గీ ఎండల?"

"ఇప్పటిది కాదు, ఎన్నటిదో" అని చివరి పెట్టె మూత తీసి చూపించాడు. బూడిదరంగు మట్టిరాయి, దాంట్లో గుప్పెడు గులకరాళ్ళు ఇరుక్కొని ఉన్నాయి. వరుస చివరన మాత్రం ఒక ఎర్రరాతి కడ్డీ. ఒక కడ్డీ కొసన గులకరాయి ఒకటి కనుగుడ్డులాగా సగం బయటకు వచ్చి ఉంది. దాని నుదుటన మూడు గీతలు, పక్కపక్కనే, గోటితో గీసినంత సన్నంగా.

"మంచు కొండంత మందం పేరుకొని మెల్లగ జరుగుతదవ్వా. జరుగుతుంటే కింద రాయికి రాయి ఒరుసుకొని గిట్ల గీతలు పడ్తయి. గసుంటి మంచు ఎక్కడో దక్షిణాన, భూమి కొసకే ఉంటది. మన ఈ నేల అప్పుడు అక్కడున్నది. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది."

మా అమ్మ ఆ గీతల వంకే చూస్తూ ఉండిపోయింది. తరువాతి మాటలు ఆమె విన్నదనుకోను.

నేను విన్నాను. "చిట్యాల నడిచొచ్చిందంటావా?"

"చిట్యాల, జనగామ, మొత్తం దేశం. గిప్పుడు గూడ నడుస్తనే ఉన్నది. సంవత్సరానికి గోరు పెరిగినంత."

నేను నా బొటనవేలి గోరు చూసుకున్నాను. రోజూ పొద్దున మంచం దిగేముందు భూదేవికి మొక్కి కాలు కింద పెట్టడం నా అలవాటు. ఆమె కదలదనే ధైర్యంతోనే ఇన్నాళ్ళు మొక్కానా అని ఒక అనుమానం వచ్చింది.

"మరి ఎవలు నడిపిస్తున్నరు?" అన్నాను.

మాజిద్ అరుగు మీద వెనక్కి ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. "గదే తెల్వదన్నా. మా పెద్దసారు గూడ గదే అడుగుతడు. బండి వచ్చిందంటున్నవు, ఎడ్లేవయ్యా అంటడు. బండి గీరల జాడలు నేల మీద పడ్డయి సూడున్రి సారూ అంటే, ముందుగాల ఎడ్లను సూపియ్యి, ఆ తర్వాత జాడలు సూస్త అంటడు."

నా భార్య సునంద అప్పుడు వాకిట్లో పొయ్యి మీద అన్నం వండుతోంది. మాజిద్ లేచి దూరం నుంచే ఎసరు చూపించాడు. "గదో, గట్లంటరు కొందరు. అడుగున వేడెక్కింది పైకొస్తది, పైకొచ్చి పక్కలకు పోతది, సల్లారి మళ్ళ కిందికి దిగుతది. నురుగును సూడు, నడుమ నుంచి అంచులకు పోతున్నది. భూమి లోపల రాయి గట్టిదే, కాని ఆ వేడికి యుగాల తరబడి గట్లనే పొర్లుతదట. మనం నురుగు మీద కూసున్నం."

"గంత మెల్లగ ఉడికితే మీ అన్న ఉపాసమే" అన్నది సునంద. "అయినా పొయ్యి ముట్టిచ్చింది ఎవలు?"

"నువ్వు గూడ మా పెద్దసారు తీరే అడుగుతున్నవు వదినా" అని మాజిద్ నవ్వాడు.

ఆ మర్నాడు అతను హనుమకొండ పోయాడు. కర్ఫ్యూలో చిక్కి చాలా రోజులు రాలేదు. వచ్చినప్పుడు చేతిలో టెలిగ్రాం ఉంది. పెద్దాఫీసరు జనగామ దాకా వస్తున్నాడు. అక్కణ్నుంచి ఇవతలికి రాడు, రోడ్లు బాగాలేవు. పెట్టెలనే జనగామ బంగళాకు తెమ్మన్నాడు. బోరు అడుగు దాకా పోయిందని, బొగ్గు కింద ఉండాల్సిన మంచు గీతల రాయి ఇదేనని ఆయన కళ్ళారా చూస్తే ఆ బోరు పూర్తయినట్టు. వానల తరువాత క్యాంపు మళ్ళీ తెరుస్తారు, మాజిద్ కొలువు నిలుస్తుంది. లేకపోతే బోరు అధూరా, సగంలోనే ఆగింది అని రాసి, క్యాంపు ఎత్తేసి, టెంపరరీ వాళ్ళను ఇళ్ళకు పంపుతారు.

మాజిద్ గోదాములో చివరి పెట్టె మూత తీశాడు. వరుస చివర రెండు కడ్డీల చోటు ఖాళీగా ఉంది. మూడు గీతలది లేదు. దాని కింది ఎర్ర రాయీ లేదు.

అతను అరవలేదు. పెట్టె చుట్టూ, కింద, బస్తాల సందుల్లో చూశాడు. తరువాత నా వైపు చూశాడు. నేను సునంద వైపు చూశాను. సునంద తల వంచుకొని దేవుడి గది వైపు చూసింది.

గదిలో మా పాత ఇసుర్రాయి కింది పలక ఉంది. దాని మీద పక్కపక్కన రెండు లింగాలు. ఒకటి ఎర్రది, ఒకటి బూడిదది. బూడిద లింగం నుదుటి మీది మూడు గీతల వెంబడి మా అమ్మ విభూతి దిద్దింది. మారేడు దళాలు, దీపం, రాగి చెంబు. రోజుల తరబడి పోసిన నీళ్ళకు, రాసిన నూనెకు రెండూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

మాజిద్ గడప దాటలేదు. అక్కడే కాసేపు నిలబడి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

అమ్మ బయటకు వచ్చింది. దాచే ఉద్దేశం ఆమెకు లేదు. "నేను పోలేకపోతినని ఆయనే వచ్చిండు బిడ్డా. మూడు విబూది గీతలు పెట్టుకొనే వచ్చిండు. ఒక్కడు గాదు, ఇద్దరొచ్చిండ్రు. కాళేశ్వరంల గాక ఇంకేడనన్న ఇద్దరు ఒక్క తాన ఉంటరా? చిన్నోడు ఇల్లు జేరేదాంక నీళ్ళు పోస్తనని మొక్కిన."

మూడు గీతలు మంచు గీసినవని చెప్పాలా? ఆమెకు ఆ మాట మాజిద్ ముందే చెప్పాడు. మంచును నడిపించింది ఎవరని ఆమె తిరిగి అడిగితే?

తరువాత మాజిద్‌ను పక్కకు తీసుకుపోయి, "అమ్మ వాగుకు పోయినప్పుడు తీసుకపో. నేను చూసుకుంటా" అన్నాను.

"ఒద్దన్నా. రేపు సోమనర్సయ్యకు జ్వరమొచ్చినా నా మీదికే వస్తది. మీరు అనరు, ఊరంటది. అసలే ఈ ఏడు అందరు పరేషాన్ మీదున్నరు." చేత్తో నిలువునా కోసినట్టు చూపించాడు. "మా పనిల ఒక పద్ధతుంటది. కడ్డీని నిలువున రెండు చెక్కలు చేస్తం. సగం ఆఫీసుకు, సగం పెట్టెల. అవ్వ ఒప్పుకుంటే..."

అమ్మ లోపలి నుంచే విన్నది. "పలిగిన లింగానికి పూజ ఉంటదా?"

మాజిద్ చేతులు జోడించాడు. "తప్పయింది అవ్వా."

కాసేపటికి ఆమే బయటకు వచ్చింది. "మీ సారు సూడాలె, గంతేనా? సూడనియ్యి. నేనే తీసుకొస్త. స్వామి రథమెక్కి ఊరేగుతడు, లారీ ఎక్కితే ఏంది?"

అట్లా బయలుదేరాం. మిర్చి బస్తాలు మోసే లారీ ఒకటి దొరికింది. వెనకాల రాతిపెట్టెలు, వాటి మీద మాజిద్, నేను. ముందు డ్రైవరు పక్కన మా అమ్మ, మడిచీరలో, ఒళ్ళో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో పట్టుగుడ్డ కప్పిన ఇద్దరు దేవుళ్ళు. పరకాల దాటాక ఎండ నెత్తికెక్కింది. దారి పొడుగునా మూసిన దుకాణాలు, గోడల మీద సున్నపు రాతలు. మాజిద్ పెట్టె మీద కూర్చొనే నిద్రపోయాడు.

ఘన్‌పూరు దగ్గర పిల్లలు రోడ్డుకు అడ్డంగా మొద్దు వేసి లారీ ఆపారు. కాలేజీ పిల్లలు. గొంతులు పోయి ఉన్నాయి. జై తెలంగాణ అనడానికి కూడా ఓపిక లేక చెయ్యెత్తి ఊరుకున్నారు.

"ఏముంది సేటూ ఎనకాల?"

"రాళ్ళు" అన్నాను.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "రాళ్ళా? మాకు జర ఇచ్చిపో. ఈడియి అన్ని అయిపోయినయి" అని ఒకడంటే అందరూ నవ్వారు. మాజిద్ ఉలిక్కిపడి లేచి మూత మీద చేతులు పెట్టి వంగిపోయాడు. వాళ్ళు ఇంకా నవ్వారు.

"ఎహె, గాయినెకు పెండ్లాం లెక్కున్నయిరా గా రాళ్ళు. పోనియ్యిరా."

ముందు కూర్చున్న అమ్మను చూసి మాత్రం ఒకడు చెప్పులు విడిచి పళ్ళేనికి మొక్కాడు. "నా కొడుకు గూడ నీ తీర్గనే బిడ్డా, జైల్ల ఉన్నడు" అన్నది అమ్మ. వాళ్ళు మొద్దు జరిపారు.

జనగామ బంగళా స్టేషనుకు ఆవల ఉండేది. ఆఫీసరుగారు వరండాలో పడక కుర్చీలో ఉన్నారు. గోదావరి జిల్లాల మనిషి. రైలు దారిలో ఆగిపోయి రాత్రంతా కూర్చొని వచ్చారట. బందు కాబట్టి పాలు లేవు, ముందు నల్లటి టీ చల్లారిపోతోంది.

"వచ్చావా మాజిదూ? ఇప్పుడొచ్చావు, మళ్ళీ మధ్యాహ్నం బండి ఉంటుందో లేదో. త్వరగా కానీ" అన్నారు. పెట్టెలు వరుసగా తెరిపించారు. ఒక్కొక్క కడ్డీ తడిపి, వేలితో రాసి, చూసుకుంటూ పోయారు. బొగ్గు దగ్గర కాస్త ఆగారు. చివరి పెట్టె దగ్గర ఖాళీ చోటు చూసి తలెత్తారు.

"ఏదీ?"

మాజిద్ మా అమ్మ వైపు చూశాడు. అమ్మ పళ్ళెం మీది గుడ్డ తీసింది.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ముప్పై ఏళ్ళ సర్వీసులో చాలా చూశాను గానీ..." అని ఆగి, "అమ్మా, ఈ విభూతీ నూనే కింద నాకేం కనపడుతుంది? కొంచెం చెక్క ఎగరగొడితే కొత్త ముఖం తెలుస్తుంది" అంటూ అలవాటుగా సుత్తి అందుకున్నారు.

"వద్దు సార్" అన్నాడు మాజిద్. అతని గొంతు అంత గట్టిగా వినడం నాకదే మొదలు. సుత్తి మీద అతని చెయ్యి కూడా పడింది. ఆయన చెయ్యి వదిలించుకోలేదు. ఆయనకూ ఓపిక లేదు.

"కడిగితె కనబడదా?" అన్నది అమ్మ. తన సంచిలోంచి సెనగపిండి పొట్లం తీసింది. విగ్రహాలకు పట్టిన జిడ్డు వదలడానికి మేము వాడేది అదే. "నీళ్ళు తే బిడ్డా."

మాజిద్ బావిలోంచి చేది తెచ్చి పోశాడు. అమ్మ రుద్దింది. అతను పోస్తూనే ఉన్నాడు, ఆమె రుద్దుతూనే ఉంది. నూనె వదిలింది, విభూతి వదిలింది, బూడిదరంగు తేలింది. ఆఫీసరుగారు మెట్ల మీదికి వచ్చి కూర్చొని, ఆమె చేతుల్లో ఉండగానే రాయి మీదికి భూతద్దం వంచారు.

"ఊఁ" అన్నారు. మళ్ళీ "ఊఁ" అన్నారు. "మంచు గీతలే. అడుగు తగిలిందయ్యా నీకు."

మాజిద్ తల ఊపాడు. సంతోషించే బలం కూడా అతనికి మిగల్లేదనిపించింది.

"నీ రిపోర్టులో ఆఖరి పేరా చదివాను. నేల కదిలి వచ్చిందని రాశావు. ఎవరు కదిపారు అని అడిగితే మళ్ళీ ఆ ఉడికే అన్నం కథే చెబుతావా?"

"తెల్వదు సార్. తెల్వదనే రాసిన."

ఆయన మెట్టు మీదే వెనక్కి ఆనుకున్నారు. "మొన్న ఒకాయన కొత్తగా రాసింది చదివాను. కింది నుంచి నెట్టడం ఒక్కటే కాదు, లాగడం కూడా అంటున్నాడు. సముద్రం అడుగున ఉన్న నేల పాతబడి, చల్లబడి, బరువెక్కి ఒక అంచున లోపలికి దిగిపోతుందిట. దిగిన అంచు మిగతాదాన్ని తన వెంట లాక్కుంటుందిట. ఏమో, వాళ్ళకీ ఇంకా రూఢి లేదు."

"దండెం మీది తడిచీర తీరు" అన్నది అమ్మ, రాయి తుడుచుకుంటూ. "ఎవలు గుంజకున్నా ఒక్క దిక్కు బరువైతె చీరంత జారుతది."

"అలాంటిదేనమ్మా."

ఇప్పుడు మా మనవరాలు రచన చదివే పుస్తకాల్లో ఈ మాటే ముందుంటుంది. భూమి లోపలి వేడి చల్లారుతూ ఉండటమే అన్నిటికీ మూలమట. కాని భూమి పైపొరలోని పలకలను ఎక్కువగా లాగేది తన బరువుకు తానే మునిగే ఆ చల్లని అంచేనట. సముద్రం నడుమ కొత్తగా పుట్టిన ఎత్తైన నేల పక్కలకు జారుతూ కొంత నెడుతుందట. ఏది ఎంత అనే దగ్గర ఇంకా వాదులాడుకుంటున్నారని చెప్పింది. నాకు ఆ మాట విని ఎందుకో కొంచెం నెమ్మది కలిగింది. అన్నీ తెలిసిపోతే దండం పెట్టే చేతులకు పనేముంటుంది?

ఆఫీసరుగారు లేచారు. "ఇది నేను తీసుకుపోవాలి. నేను చూశానంటే పైవాళ్ళు ఒప్పుకోరు, రాయి కావాలంటారు. ఎర్రది అక్కర్లేదు, అటువంటిది బయట కొండల్లో దొరుకుతుంది. ఈ గీతలది కావాలి."

అమ్మ రెండు రాళ్ళనూ ఒళ్ళోకి లాక్కుంది. "ఎన్నేండ్లది బిడ్డా గిది?" అని మాజిద్‌ను అడిగింది.

"ముప్పై కోట్ల ఏండ్లకు తక్కువ ఉండదవ్వా."

"గన్ని కోట్ల ఏండ్లు ఆగిన రాయి, నా కొడుకొచ్చేదాంక ఆగదా?"

"రాయి ఆగుతుందమ్మా" అన్నారు ఆఫీసరుగారు. "కాగితం ఆగదు."

అందరం మాజిద్ వైపు చూశాం. అతను బావి గట్టు మీద కూర్చొని స్టేషను వైపు చూస్తున్నాడు. ఆ స్టేషను పక్క సందులోనే అతని ఇల్లు. అప్పటికింకా ఇంటికి కూడా పోలేదు.

"ఏంది బిడ్డా, నువ్వు అడుగుతలేవు?" అన్నది అమ్మ. "నీ కొలువు గద? అడుగు."

"అడగ."

"ఎందుకడగవు?"

"అడిగితె ఇస్తవని భయమవ్వా" అన్నాడు మాజిద్. "ఇచ్చినంక, నీ కొడుకు వచ్చేదాంక నీకు నిద్ర పట్టదు. నాకు గూడ పట్టదు. ఇప్పటికే ఎవలకు నిద్రలు లేవు."

అమ్మ ఒళ్ళోని రెండు రాళ్ళను చూస్తూ ఉండిపోయింది. పెదవులు కదులుతున్నాయి. పేర్లు చెబుతోందో, లెక్క చూసుకుంటోందో నాకు తెలియలేదు. చివరికి ఎర్రరాయిని పళ్ళెంలో పెట్టి దాని మీద గుడ్డ కప్పింది. గీతల రాయిని కళ్ళకద్దుకుంది.

"గీయన ముక్తేశ్వరుడు. ఇడిపిచ్చుడే ఆయన పని. ఏడికైన పోతడు, ఎవల ఎంబడన్న పోతడు. పోనియ్యి" అన్నది. "కాళేశ్వరుణ్ని మాత్రం నేనియ్య. చిన్నోడొచ్చేదాంక గాయినె నా కండ్ల ముందటనే ఉండాలె. గాయినె మీద ఒక కన్నేసి ఉంచాలె."

రాయిని మాజిద్ చేతుల్లో పెట్టింది. మడిలో ఉండి ఆమె ఇంకొకరి చేతికి వస్తువు ఇవ్వడం నేనెన్నడూ చూడలేదు. మా ఇంట్లో నాకు కూడా కింద పెడితేనే తీసుకోవాలి. మాజిద్ దాన్ని రెండు చేతులతో పట్టుకొని ఒక క్షణం అట్లాగే నిలబడ్డాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. ఆఫీసరుగారు తన తువ్వాలు పరిచారు. చుట్టేటప్పుడు ముడి మరీ బిగించబోతే అమ్మ, "జర మెల్లగ" అన్నది. ఆయన మెల్లగా కట్టారు.

తరువాత కాగితాలు తీశారు. "బోరు పూర్తయిందని రాస్తున్నాను. వానలయ్యాక క్యాంపు తెరుస్తారు, నువ్వే ఉంటావు. కానీ ఆ ఆఖరి పేరా కొట్టెయ్యవయ్యా. కదిలిందని రాస్తే, కదిపిందెవరని నన్ను పట్టుకుంటారు. నాకు రిటైరుమెంటు దగ్గర పడింది."

మాజిద్ కలం తీసుకున్నాడు. ఆ పేరా ఎన్ని రోజులు ఆలోచించి రాశాడో నాకు తెలుసు. మా అరుగు మీద కూర్చొనే రాశాడు. ఇప్పుడు ఒక అడ్డగీత గీసి కాగితం ఇచ్చేశాడు.

"మంచు ఉన్నదని ఉంచున్రి సార్, సాలు" అన్నాడు. "చదివినోడు ఆలోచన చేస్తే తొవ్వ గాడికే పోతది."

బండి కూత వినబడింది. ఆఫీసరుగారు తువ్వాలు మూటను పెట్టెలో పెట్టకుండా చేతిలోనే పట్టుకొని రిక్షా ఎక్కారు.

మాజిద్ ఇంటికి పోయి వాళ్ళ అమ్మను చూసి, ఏదో నాలుగు ముద్దలు తిని వచ్చాడు. పెట్టెలను మళ్ళీ లారీకెత్తాం. పొద్దు వాలుతోంది, కర్ఫ్యూ పెట్టేలోగా హనుమకొండ దాటాలి. అమ్మ ఈసారి కూడా ముందే కూర్చుంది. పళ్ళెం సగం ఖాళీగా ఉంది. నేను ఆమె ముఖంలోకి చూడటానికి వెనకాడి వెనక్కెక్కాను. తప్పు చేశామా, మంచి చేశామా అని దారంతా ఆలోచించాను. తేలలేదు. నడిపించేవాడికే వదిలేద్దామనుకున్నాను. నడిపించేవాడెవరో తేలిందా అంటే అదీ లేదు. మాజిద్ ఖాళీ చోటున్న ఆ చివరి పెట్టె మీద తల పెట్టి నిద్రపోయాడు. లారీ ఎంత కుదిపినా లేవలేదు.

కాజీపేట దగ్గర పోలీసులు ఆపారు. ఒక ముసలి జవాను లాంతరు అవసరం లేని వెలుతురులోనే లాంతరు పట్టుకొని వచ్చాడు. పొద్దుటి నుంచి నిలబడి ఉన్నాడేమో, కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు. ముందు కూర్చున్న మా అమ్మ ఒళ్ళోకి తొంగి చూశాడు.

"ఏందవ్వా అది?"

"దేవుడు."

అతను గుడ్డ కొస ఎత్తి చూసి, చప్పున వదిలి, చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు. పళ్ళెంలో రెండో చోట నూనె జిడ్డుతో ఉన్న గుండ్రని మరక అతని కంట పడింది.

"ఒక్కడేనా?"

"ఇంకొకాయన పని మీద పోయిండు" అన్నది అమ్మ.

జవాను పక్కకు జరిగి, పొమ్మని చెయ్యి ఊపాడు.